ఎరుకతో జీవనం

చేస్తున్న పని మీదా, దాన్ని చేస్తున్న మనసు మీదా ధ్యాస నిలుపుకుంటూ, దేనికోసం బతుకుతున్నామో తెలుసుకుని అందుకు తగ్గట్టు రోజును దిద్దుకోవడాన్ని ఎరుకతో జీవించడం అంటారు. సంస్కృత బౌద్ధ గ్రంథాల్లో దీని పేరు స్మృతి, పాలి గ్రంథాల్లో సతి. గత యాభై ఏళ్లలో మైండ్‌ఫుల్‌నెస్ పేరుతో ఇది ఆసుపత్రులకూ బడులకూ కార్యాలయాలకూ చేరింది. దీనికి రెండు అంగాలున్నాయి. ఒకటి గమనించడం. ఊపిరి, ఒళ్లు, ఆకలి, కోపం, మాట, ఏది జరుగుతుంటే దాన్ని జరుగుతుండగానే తెలుసుకోవడం. రెండోది సంకల్పించడం. తెలిసిన తరువాత ఏం చెయ్యాలో అలవాటుకు వదిలెయ్యకుండా తానే నిర్ణయించుకోవడం. ప్రాచీన బోధకులు ఈ రెంటినీ కలిపే నేర్పారు. ఇవాళ మార్కెట్లో దొరికే మైండ్‌ఫుల్‌నెస్‌లో మొదటిదే ఎక్కువ, రెండోది దాదాపు కనిపించదు. ఈ అంశానికి సంబంధించిన ఆధునిక చరిత్ర చాలావరకు ఆ రెండూ ఎలా విడిపోయాయన్నదే.

పాలి సుత్తాల్లో

ఈ సాధనకు మూలగ్రంథం సతిపట్ఠాన సుత్తం. బుద్ధుడి ఉపదేశాల సంకలనమైన మజ్ఝిమ నికాయంలో ఇది పదో సుత్తం. మరో సంకలనమైన దీఘ నికాయంలో మరికొంత విస్తరించిన రూపంలో ఇరవై రెండోదిగా కనిపిస్తుంది. కురుదేశంలోని కమ్మాసధమ్మం అనే ఊళ్లో బుద్ధుడు భిక్షువులకు దీన్ని బోధించినట్టు సుత్తంలోనే ఉంది. గమనించవలసినవి నాలుగని చెబుతుంది: శరీరం, సుఖదుఃఖాల అనుభూతి, చిత్తస్థితి, మనసులో తలెత్తే ధర్మాలు.

శరీరం గురించిన భాగం ఊపిరితో మొదలవుతుంది. అక్కడి నుంచి నడక, నిలబడటం, కూర్చోవడం, పడుకోవడం మీదికి వస్తుంది. ఆ తరువాత తల తిప్పి చూడటం, చెయ్యి ముడవడం, చాపడం, చీవరం కట్టుకోవడం, నమలడం, మింగడం, మలమూత్ర విసర్జన, మాట్లాడటం, మాట్లాడకుండా ఉండటం కూడా వస్తాయి. ఏ పనినీ నీచంగా చూడకపోవడమే ఈ జాబితా గొప్పదనం. సాధనకంటూ విడిగా ఒక గంట కేటాయించమని ఇందులో లేదు. మెలకువగా ఉన్నంతసేపూ సాధన కాలమే. చివరికి శ్మశానంలో పడి ఉన్న శవం రోజురోజుకూ ఎలా మారిపోతుందో చూసి, తన ఒంటికీ ఇదే గతి అని తలుచుకోమంటుంది. మైండ్‌ఫుల్‌నెస్ అనగానే మనకు స్ఫురించే ప్రశాంత చిత్రాల్లో ఈ శవం ఉండదు. కానీ ఆయువు పరిమితమని తెలిసినవాడే దాన్ని దేనికి వాడాలో ఆలోచిస్తాడు. సుత్తంలో ఆ భాగం ఉన్నది అందుకే.

సతికి జంటగా పాలి గ్రంథాలు సంపజఞ్ఞం అనే మరో గుణాన్ని చెబుతాయి. స్పష్టమైన తెలివిడి అని దాని అర్థం. బుద్ధఘోషుడి పేరుతో వచ్చిన అట్ఠకథలనే వ్యాఖ్యానాలు దీన్ని నాలుగు విధాలుగా విభజించాయి. అడుగు వెయ్యబోయేముందు ఈ పనికి ప్రయోజనం ఉందా అని చూడాలి. ప్రయోజనం ఉన్నా ఇప్పుడు, ఇక్కడ, నాకు తగినదేనా అని చూడాలి. పనిలో పడ్డాక సాధన విషయం చేజారకుండా చూసుకోవాలి. ఇదంతా నేనే చేస్తున్నాననే భ్రమలో పడకుండా ఉండాలి. వీటిలో మొదటి రెండూ ధ్యాసకు సంబంధించినవి కావు, ఎంపికకు సంబంధించినవి. జీవితాన్ని ఒక ఉద్దేశంతో మలుచుకోవడం గురించి ఈ మధ్య పుట్టుకొచ్చిన పుస్తకాలు చెప్పేదంతా ఆ రెండు ప్రశ్నల్లో ఎప్పుడో ఇమిడి ఉంది.

మజ్ఝిమ నికాయంలోనే అరవై ఒకటో సుత్తం బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చేసిన ఉపదేశం. అప్పటికి రాహులుడు పిల్లవాడు. సంఘంలో చేరిన కొడుకుకు తండ్రి అబద్ధం ఆడవద్దని చెప్పి, అద్దం ఎందుకని అడుగుతాడు. చూసుకోవడానికని జవాబు. అలాగే చేతనైనా మాటనైనా తలపునైనా మూడుసార్లు చూసుకోమంటాడు: చెయ్యబోయేముందు, చేస్తుండగా, చేసేశాక. తనకో ఎదుటివారికో కీడు కలిగించేదైతే మొదలుపెట్టకూడదు, మధ్యలో తెలిస్తే ఆపాలి, అయ్యాక తెలిస్తే పెద్దల ముందు ఒప్పుకుని మళ్లీ చెయ్యకుండా చూసుకోవాలి. అశోకుడు తన బైరాట్ శాసనంలో భిక్షువులూ ఉపాసకులూ తరచు వినాలని పేర్కొన్న ఏడు ధర్మపాఠాల్లో అసత్యం గురించి రాహులుడికి చేసిన ఉపదేశం ఒకటి. పిల్లవాడికి చెప్పిన పాఠాన్ని ఒక చక్రవర్తి ఏరి దాని పేరును రాతి మీద చెక్కించడం గమనించదగ్గ సంగతి.

నాగార్జునుడి లేఖ

ఆంధ్రదేశంతో ఈ సాధనకున్న సంబంధం అమరావతి స్తూపమంత పాతది. గ్రంథరూపంలో దొరికే ముఖ్యమైన ఆధారం బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడి సుహృల్లేఖ. ఒక శాతవాహన రాజుకు స్నేహితుడిగా రాసిన ఉత్తరమని సంప్రదాయం చెబుతుంది. సంస్కృత మూలం పోయింది. టిబెటన్, చైనీస్ అనువాదాల్లో మిగిలింది. ఏడో శతాబ్దిలో మన దేశంలో తిరిగిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, ఇక్కడి విద్యార్థులు చదువు మొదట్లోనే ఈ లేఖను కంఠస్థం చేస్తారని రాశాడు. తానే దాన్ని చైనీస్‌లోకి అనువదించాడు.

ఉత్తరం అందుకున్నవాడు సన్యాసి కాడు. రాజ్యమూ కుటుంబమూ ధనమూ ఉన్న గృహస్థు. అందుకే దానం, శీలం, సంపదను వాడుకోవలసిన తీరు, ఆహారంలో మితం, నిద్రలో మితం ఇందులో ముందుగా వస్తాయి. ఆ వరసలోనే శరీరం మీద నిలిపే స్మృతి ఒక్కటే నడవదగిన బాట అని, అది జారిపోతే తక్కిన మంచి గుణాలన్నీ పోతాయని నాగార్జునుడు చెబుతాడు. ఎరుక అడవిలో ఉండేవారి సొత్తు కాదు, బాధ్యతల మధ్య ఉన్నవారికే ఎక్కువ అవసరం అన్నది ఈ లేఖ మొత్తంలో వినిపిస్తుంది.

బర్మా నుంచి మళ్లీ ఇక్కడికి

భారతదేశంలో బౌద్ధ విహారాలు శిథిలమైపోయాక ధ్యాన పద్ధతులు శ్రీలంకలో, ఆగ్నేయాసియా దేశాల్లో మిగిలాయి. అక్కడ కూడా చాలాకాలం అవి భిక్షువులకే పరిమితం. ఆ కట్టు తెగింది బర్మాలో. 1885లో బ్రిటిష్ సేనలు మాండలేను పట్టుకుని రాజును పంపించేశాక ధర్మాన్ని కాపాడే రాజు ఇక లేడు. గృహస్థులే దాన్ని నిలబెట్టుకోవాలని లేడీ సయాడో (1846–1923) ఊరూరా తిరిగి బౌద్ధ తత్వవిశ్లేషణ అయిన అభిధమ్మాన్నీ ధ్యానాన్నీ మామూలు జనానికి నేర్పాడు. రైతుగా ఉన్న సయా తెట్‌జీ ఆయన దగ్గర నేర్చుకున్నాడు. తెట్‌జీ దగ్గర నేర్చుకున్న ఉ బా ఖిన్ 1948 జనవరి 4న, బర్మా స్వతంత్రమైన రోజున, ఆ దేశపు అకౌంటెంట్ జనరల్ అయ్యాడు. లెక్కల కార్యాలయంలోనే ఉద్యోగులకు ధ్యానం నేర్పేవాడు. 1952లో రంగూన్‌లో కేంద్రం పెట్టాడు. ఇదే కాలంలో మహాసి సయాడో (1904–1982) కడుపు లేవడం, పడటం గమనిస్తూ తోచిన ప్రతిదానికీ మనసులో చిన్న పేరు పెట్టుకునే మరో పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాడు.

సత్యనారాయణ గోయెంకా 1924లో మాండలేలో పుట్టిన మార్వాడీ వ్యాపారి. తీవ్రమైన పార్శ్వపు నొప్పితో మార్ఫిన్ దాకా వెళ్లి, విదేశీ వైద్యుల చుట్టూ తిరిగి, 1955లో ఉ బా ఖిన్ దగ్గరికి వచ్చాడు. తలనొప్పి తగ్గించుకోవడానికే అయితే చేర్చుకోనని ఆయన మొదట తిప్పి పంపాడు. మనసును శుద్ధి చేసుకోవడానికైతే రమ్మన్నాడు, నొప్పి పోతే అది వెంట వచ్చే ఫలితం మాత్రమే అన్నాడు. తరువాతి అర్ధశతాబ్దంలో ప్రపంచమంతటా జరిగిన చర్చ ఈ ఒక్క సంభాషణలోనే ఉంది. ఎందుకు వచ్చావన్నది అడగకుండా ధ్యానం నేర్పవచ్చా? ఉ బా ఖిన్ జవాబు కూడదని. ఆ తరువాత వచ్చిన వైద్యవిధానం జవాబు నేర్పవచ్చని.

గోయెంకా 1969లో భారతదేశానికి వచ్చి, విపశ్యన పేరుతో తాను నేర్పే ఈ ధ్యానానికి బొంబాయిలో మొదటి శిబిరం నడిపాడు. 1976 నుంచి మహారాష్ట్రలోని ఇగత్‌పురిలో ధమ్మగిరి అనే ధ్యానకేంద్రం పనిచేస్తోంది. అదే ఏడాది హైదరాబాదులో వనస్థలిపురం దాటాక నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త మొదలైంది. దేశంలోని తొలి విపశ్యన కేంద్రాల్లో అదొకటి. నాగార్జునసాగర్‌లోనూ ఏలూరు దగ్గర విజయరాయిలోనూ కేంద్రాలున్నాయి. శిబిరంలో బోధన హిందీ, ఇంగ్లీషుల్లో గోయెంకా గొంతుతోనే వినిపిస్తుంది. తెలుగువారికి తెలుగు అనువాదం ఉంటుంది.

పది రోజుల శిబిరం ఎలా ఉంటుందో చూస్తే ఈ సాధన కాఠిన్యం తెలుస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి గంట మోగుతుంది. నాలుగున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా మొత్తం పది గంటలకు పైగా కూర్చోవాలి. ఫోను, పుస్తకం, కలం, కాగితం ముందే అప్పగించాలి. తొమ్మిది రోజులు తోటి సాధకులతో మాట లేదు, సైగ లేదు, కళ్లలోకి చూడటం కూడా లేదు. భోజనం పగలు పదకొండుకు. సాయంత్రం అయిదింటికి కొత్తవారికి పండు, టీ. ముందు శిబిరం చేసినవారికి నిమ్మరసం మాత్రమే. రాత్రి ఏడింటికి ప్రవచనం. మొదటి మూడు రోజులూ ముక్కుపుటాల దగ్గర గాలి తగిలే చోటు తప్ప మరేదీ చూడకూడదు. నాలుగో రోజు నుంచి మాడు మొదలుకొని అరికాలి దాకా ఒంట్లోని సంవేదనలను వరసగా గమనిస్తూ పోవాలి. గంటసేపు కాలు కదపకుండా కూర్చునే పూటలు అప్పుడే మొదలవుతాయి. మోకాలి నొప్పి ఎంత పెరిగినా దాన్ని తిట్టకుండా, అది తగ్గినప్పుడు సంబరపడకుండా చూడటమే పాఠం. నొప్పిని చూస్తే మారుతుందని, మారేదాని మీద కోపం తెచ్చుకోవడం వృథా అని పుస్తకంలో చదివినవాడు పదిమందిలో ఒకడిలా తలూపుతాడు. ఒళ్లే చెప్పినప్పుడు వినే తీరు వేరు.

శిబిరానికి రుసుము లేదు. పూర్తి చేసినవారు ఇచ్చే దానంతోనే నడుస్తుంది. చేరేటప్పుడే జీవహింస, దొంగతనం, అబద్ధం, మత్తు, లైంగిక చర్యలకు దూరంగా ఉంటానని పంచశీల తీసుకోవాలి. గమనించడాన్నీ సంకల్పాన్నీ విడదీయకుండా ఇంత పెద్ద ఎత్తున నేర్పుతున్న ఏర్పాటు ఆధునిక కాలంలో మరొకటి చూపడం కష్టం. 1975లో జైపూర్ సెంట్రల్ జైలులో ఖైదీలకు శిబిరం జరిగింది. కిరణ్ బేడీ జైళ్ల ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉండగా తిహార్ జైలులో 1993లో శిబిరాలు మొదలయ్యాయి. 1994 ఏప్రిల్‌లో వెయ్యి మందికి పైగా ఖైదీలు ఒకేసారి కూర్చున్నారు. అదే ఏడాది జైలు లోపలే శాశ్వత కేంద్రం ఏర్పడింది. గోయెంకా 2013లో కన్నుమూశాడు.

వియత్నాం భిక్షువు తిచ్ నాట్ హాన్ (1926–2022) ఈ సాధనను మరో దారిలో ఇంటింటికీ తెచ్చాడు. యుద్ధకాలంలో గ్రామాల్లో సహాయం చేస్తున్న యువసేవకులు అలసి విరిగిపోకుండా ఉండాలని 1974లో ప్రవాసం నుంచి తన సహచరుడికి ఒక పొడవైన ఉత్తరం రాశాడు. అదే ఆ మరుసటి ఏడాది పుస్తకమై ప్రపంచమంతా తిరిగింది. అంట్లు తోముతున్నప్పుడు తరువాత తాగబోయే టీ గురించి ఆలోచించేవాడు టీ తాగేటప్పుడూ మరేదో ఆలోచిస్తాడని, రెండూ అతనికి దక్కవని ఆయన అందులో వివరించాడు. 1982లో ఫ్రాన్స్‌లో ఆయన స్థాపించిన ప్లమ్ విలేజ్ ఆశ్రమంలో గంట వినపడగానే ఎక్కడివారక్కడ మాట ఆపి మూడు శ్వాసలు తీసుకుంటారు. బాంబులు పడుతున్న ఊళ్లలో పనిచేసేవారి కోసం పుట్టిన సాధన ఇది. ప్రపంచం నుంచి తప్పుకోవడానికి కాదు, అందులో నిలబడటానికి.

జిడ్డు కృష్ణమూర్తి అభ్యంతరం

ఇరవయ్యో శతాబ్దిలో ఎరుక గురించి అందరికన్నా ఎక్కువగా మాట్లాడినవాడు, దాన్ని సాధన అనడానికి ఒప్పుకోనివాడు తెలుగు ఇంట పుట్టినవాడే. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో జన్మించాడు. తండ్రి నారాయణయ్య దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. 1909లో అడయారు సముద్రతీరంలో ఆ సమాజ ప్రముఖుడు లెడ్‌బీటర్ కంటపడ్డ ఆ అబ్బాయిని రాబోయే జగద్గురువుగా సమాజ అధ్యక్షురాలు అనిబిసెంట్ పెంచింది. ఆయన కోసమే 1911లో నక్షత్ర సంఘం ఏర్పడింది. 1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఓమెన్‌లో, వేలమంది సభ్యుల ముందు, ఆయన ఆ సంఘాన్ని రద్దు చేశాడు. సత్యానికి ఏ మతమూ ఏ సంస్థా బాట వెయ్యలేదని చెప్పి, సంఘానికి వచ్చిన ఆస్తులు ఇచ్చినవారికే తిప్పి పంపాడు.

ఆయన వాదం సూక్ష్మమైంది. కోపిష్ఠివాడు శాంతుణ్ణి కావాలని సంకల్పించుకుంటే, ఉన్నదానికీ కావాలనుకున్నదానికీ మధ్య ఘర్షణ మొదలవుతుంది. ఆ ఘర్షణలో శక్తి అంతా ఖర్చయి కోపం అలాగే మిగులుతుంది. కోపాన్ని మంచీ చెడూ అనకుండా, వేరే ఏదో కావాలనే ఆశ లేకుండా, పూర్తిగా చూస్తే ఆ చూపులోనే మార్పు వస్తుంది. ఎంపిక చెయ్యని ఈ ఎరుకను ఒక పద్ధతిగా రోజూ పునశ్చరణ చేస్తే మనసు మొద్దుబారుతుందని కూడా ఆయన హెచ్చరించాడు. జీవితాన్ని తానే దిద్దుకోవాలనే మాటకు ఇంతకన్నా బలమైన ఎదురుప్రశ్న లేదు. దిద్దేది ఎవరు? పాత భయాలూ పాత అలవాట్లే కదా కొత్త వేషంలో దిద్దుతున్నవి?

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాలలో ఈ ఆలోచనకు ఒక రూపం కనిపిస్తుంది. సాయంత్రం పిల్లలు గుట్ట వైపు చేరి సూర్యుడు అస్తమించేదాకా మౌనంగా కూర్చుంటారు. దాన్ని అస్తాచలం అంటారు. మంత్రం లేదు, లెక్కించవలసిన శ్వాస లేదు, తరువాత రాయవలసిన పరీక్ష లేదు. అయితే ఆ మౌనానికి కూడా రోజూ ఒక వేళ, ఒక చోటు ఎవరో నిర్ణయించారు. కృష్ణమూర్తి సందేహం న్యాయమైనదే. కానీ ఆయన అడిగిన పూర్తి చూపు సామాన్యుడికి నిమిషంసేపు కూడా నిలవదు. ఆ నిమిషాన్ని రెండు చేసుకోవడానికి అభ్యాసం తప్ప మరో దారి ఇంతవరకు ఎవరూ చూపలేదు.

ఆసుపత్రిలోకి

జాన్ కబాట్-జిన్ అణుజీవశాస్త్రంలో పట్టా పొందిన అమెరికన్. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో, మందులతో తగ్గని దీర్ఘకాలిక నొప్పులతో వైద్యులు చేతులెత్తేసినవారి కోసం మైండ్‌ఫుల్‌నెస్ నేర్పే ఒక తరగతి ప్రారంభించాడు. స్థిరపడిన రూపంలో అది ఎనిమిది వారాలు, వారానికి రెండున్నర గంటల తరగతి, ఇంటి దగ్గర రోజూ ముప్పావు గంట అభ్యాసం, మధ్యలో ఒకరోజు మౌనం. బౌద్ధ పరిభాషను ఆయన కావాలనే పక్కన పెట్టాడు. 51 మంది నొప్పి రోగులతో చేసిన తొలి అధ్యయనం 1982లో వెలువడింది.

మొదటి తరగతిలో ప్రతివారి చేతిలో ఒక ఎండుద్రాక్ష పెడతారు. దాన్ని ఎన్నడూ చూడనట్టు చూడమంటారు. ముడతలు, వాటి మధ్య వెలుగు, తొడిమ ఊడిన మచ్చ. వేళ్ల మధ్య నలిపితే చెవికి చిన్న చప్పుడు. ముక్కు దగ్గర పెట్టగానే నోట్లో ఊరే నీరు. నాలుక మీద పెట్టి వెంటనే కొరకకుండా ఆగడం. అప్పుడు ఒక్కసారి కొరకడం. ఒక్క పండు తినడానికి పది నిమిషాలు పడుతుంది. అయ్యాక చాలామంది చెప్పేది ఒకటే: ఇన్నేళ్లూ గుప్పెళ్లకొద్దీ తిన్నాను గానీ రుచి ఇదని తెలియదు.

ఈ తరగతి నమూనా మీద జిండెల్ సెగల్, మార్క్ విలియమ్స్, జాన్ టీస్‌డేల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు కుంగుబాటు మళ్లీ మళ్లీ వచ్చేవారి కోసం ఒక చికిత్స రూపొందించారు. 2000లో ప్రచురితమైన వారి పరీక్షలో 145 మంది పాల్గొన్నారు. అంతకుముందు మూడు లేదా ఎక్కువసార్లు కుంగుబాటుకు లోనైనవారిలో, మామూలు వైద్యం మాత్రమే పొందినవారికి 66 శాతం మందిలో అది తిరగబెట్టింది. ఈ శిక్షణ కూడా పొందినవారిలో 37 శాతం. రెండుసార్లే వచ్చినవారిలో మాత్రం ప్రయోజనం కనిపించలేదు. 2004 నుంచి బ్రిటన్ వైద్య మార్గదర్శకాల్లో ఈ చికిత్సకు చోటు దొరికింది.

సంకల్పం సంగతి

గమనించడంలో బౌద్ధులంత లోతుకు వెళ్లినవారు లేరు. సంకల్పంలో మాత్రం అనేక సంప్రదాయాలకు వాటా ఉంది. రోమన్ తాత్వికుడు సెనెకా రాత్రి దీపం తీసేశాక, భార్య తన అలవాటు ఎరిగి మౌనంగా ఉండగా, ఆ రోజు చేసిన పనులనూ అన్న మాటలనూ ఒక్కొక్కటిగా విచారించుకునేవాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పదమూడు సద్గుణాలకు చిన్న పుస్తకంలో గళ్లు గీసి, వారానికి ఒకదాని మీద దృష్టి పెట్టి, తప్పిన చోటల్లా చుక్క పెట్టుకునేవాడు. హెన్రీ డేవిడ్ థోరో 1845 జులై 4 నుంచి 1847 సెప్టెంబరు 6 దాకా వాల్డెన్ చెరువు గట్టున తాను కట్టుకున్న గదిలో ఉన్నాడు. ఆ గదికి 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు అయిందని లెక్కతో సహా రాశాడు. ఏది అవసరమో, ఏది అలవాటు మాత్రమేనో తేల్చుకోవడమే ఆ లెక్క ఉద్దేశం.

థోరో వ్యాసాలను దక్షిణాఫ్రికాలో చదివిన గాంధీ ఈ విషయంలో అందరికన్నా ముందుకు వెళ్లాడు. ఆశ్రమవాసులకు ఏకాదశ వ్రతాలు పెట్టాడు. సత్యం, అహింసలతో పాటు జిహ్వను అదుపులో పెట్టుకోవడం, ఒళ్లు వంచి పనిచెయ్యడం, భయం విడవడం, అంటరానితనం పాటించకపోవడం వాటిలో ఉన్నాయి. 1930లో ఎరవాడ జైలు నుంచి ప్రతి మంగళవారం ఉదయం ప్రార్థన తరువాత ఒక్కో వ్రతం గురించి ఆశ్రమానికి ఉత్తరం రాశాడు. అవే మంగళ ప్రభాతం పేరుతో పుస్తకంగా వచ్చాయి. సోమవారం ఆయనకు మౌనవారం. తన జీవితాన్ని దిద్దుకోవడం సొంత సుఖం కోసమే అయితే గాంధీకి అది వ్రతం కాదు. ఆ దిద్దుబాటులో పక్కవాడి హక్కు, దేశం అవసరం కూడా ఉండాలి. ఆయన దగ్గర గడిపిన అమెరికన్ రిచర్డ్ గ్రెగ్ 1936లో స్వచ్ఛందంగా నిరాడంబరంగా బతకడం గురించి రాసిన వ్యాసం పాశ్చాత్య దేశాల్లో ఒక ఉద్యమానికి పేరు పెట్టింది.

సంకల్పం ఎందుకు నీరుగారిపోతుందో మనస్తత్వ శాస్త్రజ్ఞులు గత ముప్పై ఏళ్లలో బాగా పరిశీలించారు. పీటర్ గోల్‌విట్జర్ తేల్చిన విషయం సులువుగా వాడుకోదగ్గది. రోజూ వ్యాయామం చేస్తాను అనుకోవడం కన్నా, ఫలానా వేళ ఫలానా చోట ఫలానా పని ముగియగానే చేస్తాను అని ముందే కట్టుకున్న నిర్ణయం గట్టిగా నిలుస్తుంది. 2002లో బ్రిటన్ విద్యార్థులతో జరిగిన ఒక పరీక్షలో, వ్యాయామం వల్ల లాభాలు చదివినవారిలో 35 శాతం మంది మాత్రమే ఆ వారం వ్యాయామం చేశారు. వేళా చోటూ రాసిపెట్టుకున్నవారిలో 91 శాతం మంది చేశారు. లండన్‌లో 96 మందిని పరిశీలించిన మరో అధ్యయనంలో కొత్త పని అలవాటుగా కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలాయి, కొందరి విషయంలో అంచనా 254 రోజుల దాకా వెళ్లింది. ఇరవై ఒక్క రోజుల్లో ఏ అలవాటైనా వచ్చేస్తుందని తిరిగే మాటకు ఆధారం లేదు. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా ఆ అధ్యయనం చూపింది. ఒక్కరోజు తప్పగానే అంతా వదిలేసేవారు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇది.

పరిశోధన ఎంతవరకు సమర్థిస్తుంది

పరధ్యానం మనకు ఎంత సహజమో 2010లో హార్వర్డ్ పరిశోధకులు ఫోన్ల ద్వారా చూశారు. 2,250 మందిని రోజులో ఎప్పుడుపడితే అప్పుడు పలకరించి, ఏం చేస్తున్నారో, ఏం ఆలోచిస్తున్నారో అడిగారు. దాదాపు 47 శాతం సందర్భాల్లో మనసు పని మీద లేదు. మనసు పని మీద లేనప్పుడు జనం తక్కువ సంతోషంగా ఉన్నారు.

ధ్యానం దీన్ని ఎంత మారుస్తుందన్న దానికి సమాధానం మితంగానే ఉంది. 2014లో 47 పరీక్షలను, 3,515 మంది వివరాలను కలిపి చూసిన సమీక్ష ఆందోళన, కుంగుబాటు, నొప్పి కొంత తగ్గుతాయని తేల్చింది. నిద్ర, బరువు, ఏకాగ్రతల విషయంలో గట్టి ఆధారం దొరకలేదు. మందులు, వ్యాయామం వంటి ఇతర చికిత్సల కన్నా ధ్యానం మెరుగని కూడా తేలలేదు. 2015లో లాన్సెట్‌లో వచ్చిన పరీక్షలో 424 మంది ఉన్నారు. కుంగుబాటు మందులు కొనసాగించినవారికీ, ఈ శిక్షణ పొందుతూ మందులు తగ్గించుకున్నవారికీ రెండేళ్లలో దాదాపు సమానంగానే జబ్బు తిరగబెట్టింది. ఎనిమిది వారాల ధ్యానంతో మెదడు ఆకారం మారిపోతుందని పత్రికల్లో ఏళ్ల తరబడి వచ్చిన వార్తలను, 2022లో విస్కాన్సిన్‌లో ఎక్కువమందితో చేసిన పరీక్ష బలపరచలేదు. బ్రిటన్‌లో 80కి పైగా బడుల్లో, ఎనిమిది వేలకు పైగా పిల్లలతో చేసిన పెద్ద పరీక్షలో, అందరికీ కలిపి నేర్పిన మైండ్‌ఫుల్‌నెస్ మామూలు పాఠాల కన్నా మేలు చెయ్యలేదని 2022లో తెలిసింది. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర అభ్యాసమే చెయ్యలేదు. తాము కోరుకోని పనిని పిల్లలు ఎందుకు చేస్తారు? సంకల్పం లేని చోట సాధన పాఠ్యాంశంగా మిగిలిపోతుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

విమర్శలు, జాగ్రత్తలు

2007లో గూగుల్ తన ఉద్యోగులకు మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ మొదలుపెట్టింది. 2010లో హెడ్‌స్పేస్, 2012లో కామ్ అనే సంస్థలు వచ్చి ధ్యానాన్ని నెలచందా సరుకుగా మార్చాయి. అమెరికా ఆచార్యుడు రొనాల్డ్ పర్సర్ 2019లో రాసిన పుస్తకంలో, ఒత్తిడికి కారణమైన పని పరిస్థితులను వదిలేసి, ఒత్తిడి ఉద్యోగి మనసులోని లోపమన్నట్టు చూపించడాన్ని తీవ్రంగా ఖండించాడు. ఈ విమర్శ సబబైనది. పద్నాలుగు గంటలు పనిచేయించి పది నిమిషాలు కళ్లు మూసుకోమనడం ఎరుక కాదు. ప్రయోజనం ఉందా, తగినదా అన్న సంపజఞ్ఞంలోని ఆ పాత ప్రశ్నలు నిజంగా వేసుకున్న ఉద్యోగి ఆ పద్నాలుగు గంటల గురించే అడుగుతాడు. ఇల్లూ వంటా పిల్లలూ అత్తమామల మందులూ ఒక్కతే చూసుకునే ఇల్లాలికి పది రోజుల శిబిరానికి వెళ్లే వెసులుబాటు లేదన్నది కూడా ఇలాంటి ప్రశ్నే. ఆమెకు కావలసింది ధ్యానం గురించిన ఉపన్యాసం కన్నా ముందు, ఇంట్లో మరొకరు పని అందుకోవడం.

ధ్యానం అందరికీ అన్నివేళలా హాని లేనిది కాదు. ఎక్కువ గంటలు కూర్చునే శిబిరాల్లో కొందరికి తీవ్రమైన భయం, నిద్రపట్టకపోవడం, పాత గాయాల జ్ఞాపకాలు తిరగబెట్టడం, తాను తాను కానట్టు అనిపించడం జరుగుతాయని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో సాధకులను విచారించి ప్రచురించారు. విపశ్యన కేంద్రాలు కూడా దరఖాస్తులోనే మానసిక వ్యాధి వివరాలు అడుగుతాయి. గతంలో భ్రాంతులు, తీవ్రమైన కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారు ఆ వివరాలు దాచకూడదు. వైద్యుడికి చెప్పకుండా మందులు ఆపి శిబిరానికి వెళ్లకూడదు. కూర్చున్నప్పుడు భయం పెరిగిపోతుంటే ఓర్చుకోవాలని పట్టుబట్టకుండా కళ్లు తెరిచి, లేచి, గురువుకు చెప్పాలి. సహాయం కావలసినవారు కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చెయ్యవచ్చు. అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు.